మద్దిలేటి సార్ పాటల వాచీ

తెల్లవారగానే కాలువ గట్టు మీద నిలబడి వాచీ పక్కనున్న బొత్తాం నొక్కుతాను. జీపీఎస్ అందిందని చెప్పడానికి అది మణికట్టు మీద చిన్నగా వణుకుతుంది. వెంటనే చెవి దగ్గర చెక్కల చప్పుడు మొదలవుతుంది. చెక్క భజనలో వేళ్లకు తగిలించుకుని వాయిస్తారే, ఆ చెక్కలే. ఆ చప్పుడు వింటే చాలు, ఎక్కడో ఉన్న నాపరాయి పొడి వాసన ముక్కుకు తగులుతుంది. కర్నూలులో బస్సు కండక్టరుగా పని చేస్తూ, రోజంతా జనంతో నోరు చేసుకునే నేను, ఉన్నపళంగా బేతంచెర్ల బడి పిల్లనైపోతాను. ఈ వాచీ సంగతి చెప్పాలంటే ముందు మా డ్రిల్లు మాస్టారు మద్దిలేటి సార్ గురించి చెప్పాలి.

సార్‌వాళ్లది తాతల నాటి నుంచీ చెక్క భజన ఆడే కుటుంబం. మెడలో విజిల్ ఉండేది గానీ ఊదగా నేనెప్పుడూ వినలేదు. పొద్దున్నే బడిపిల్లల్ని వెంటబెట్టుకుని, బండలకు పాలిషు పట్టే ఫ్యాక్టరీల పక్కనుంచి రైలు గేటు దాకా పరుగు తీయించేవారు. ఒక చేత్తో చెక్కలు వాయిస్తూ, పరిగెత్తుతూనే ఒక వరుస పాడేవారు. ఆ వెనక వరుస మేమంతా అందుకోవాలి. భజనలో గురువు పాడితే జట్టు అందుకున్నట్టే. మొదటిరోజు నేను పౌరుషం కొద్దీ అందర్నీ దాటేసి ముందుకు ఉరికాను. వగరుస్తూంటే సార్ పక్కకి వచ్చారు.

"ఏం మే, శానా జోరుగా పోతాండావు. పాట యాడ పారేసుకున్యావు?"

"ఊపిరి అందడం లే సార్."

"అందకపోతే మెల్లగా ఉరుకు. పాట పాడలేనంత జోరు మనకెందుకు? ఎవురన్నా తరుముకొస్తాండారా?"

నిజమే, ఎవరూ తరమడం లేదు. కానీ నేనప్పట్లో అన్నం తినడం, మాట్లాడటం, పోట్లాడటం, అన్నీ ఎవరో తరుముతున్నట్టే చేసేదాన్ని. ఆ మాట ఆరోజు నవ్వులాటగానే విన్నాను. ఏళ్ల తర్వాత, కిక్కిరిసిన బస్సులో చిల్లర కోసం ఒకాయన నా మీద అంతెత్తున లేచినప్పుడు, నా నోటి దాకా వచ్చిన తిట్టు ఆగిపోయి సార్ మాట గుర్తుకొచ్చింది. అప్పుడు తెలిసింది అదెంత పనికొచ్చే మాటో.

మా నాయనకు ఈ పరుగు మొదట గిట్టలేదు. లారీ తోలే మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకరోజు నేరుగా బడికే వచ్చేశాడు.

"ఆడపిల్లోళ్లు రోడ్డు మీద పాటలు పాడుకుంటా ఉరికేదేంది సార్? చూసేటోళ్లు ఏమనుకుంటారు?"

"నువ్వు గూడా రాప్పా," అన్నారు సార్. "ఒక్క రోజు మాతో ఉరికి సూడు. నచ్చకపోతే పాపను ఇంట్లోనే పెట్టుకో."

మర్నాడు మా నాయన లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు. గేటు దాకా ఉరికి, అక్కడున్న బండ మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. అంతగా నవ్వగా ఆయన్ని నేనెన్నడూ చూడలేదు. ఆ తర్వాత పొద్దున్నే నన్ను లేపే పని ఆయనే తీసుకున్నాడు.

రెండేళ్ల కిందట సార్‌కు గొంతులో గడ్డకు ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఢోకా లేదన్నారు, పరిగెత్తొచ్చని కూడా చెప్పారు. మాట మాత్రం పోయింది. చెవి దగ్గర పెడితే వినబడే గుసగుస మిగిలింది. చూడటానికి వెళ్తే సార్ భార్య, మేమంతా అమ్మా అని పిలిచే ఆవిడ, నన్ను వంటింట్లోకి తీసుకుపోయి ఏడ్చేసింది.

"పొద్దున్నే లేసి బూట్లు కట్టుకుంటాడు పాపా. కట్టుకోని అరుగు మీద కూసుంటాడు. ఎండ పడినాక ఇప్పేస్తాడు. పాట లేకుండా ఎట్ల ఉరుకుదు అంటాడు. ఇట్లే కూసుంటే మనిషి దక్కుతాడా?"

బస్సెక్కి కూర్చున్నానే గానీ ఆ బూట్లే కళ్ల ముందు. మళ్లీ సార్‌ని పరిగెత్తించకపోతే నేనాయన దగ్గర నేర్చుకున్నదేముంది? పాడలేకపోతేనేం, పాట వింటూ పరిగెత్తకూడదా అనిపించింది. మర్నాడే కర్నూలులో వాచీల షాపుకి పోయాను.

"పాటలు దీంట్లో గూడా వస్తాయి మేడం," అంటూ షాపతను మెరిసే వాచీ ఒకటి కట్టాడు.

"అయితే నా ఫోను ఈ బల్ల మీదే పెడతా. చెవుల్లో దూర్చేవి పెట్టుకోని బయటికి పోయి వింటా."

పక్కనున్న గాజుల అంగడి దాటానో లేదో పాట తెగిపోయింది. అది ఫోనులోని పాటను ఆపేందుకూ మార్చేందుకూ పనికొస్తుందే తప్ప, తనంతట తానుగా పాడేది కాదు. వెనక్కొచ్చి చెప్పాను, "మా సార్ ఫోను మోసే మనిషి కాదన్నా. పాట వాచీ కడుపులోనే ఉండాల." తాకితే పనిచేసే అద్దం వద్దన్నాను, మన ఎండల్లో చెమట వేళ్లకి అది పలకదు. పక్కన బొత్తాలు ఉండాలన్నాను. చెవుల్లో దూర్చేవి కూడా వద్దన్నాను. చెవులు లారీల కోసం వదిలిపెట్టాలనేది సార్ పెట్టిన నియమం.

"ఇన్ని షరతులు పెట్టి పెండ్లికొడుకును గూడా ఎతకరు మేడం," అని నవ్వాడు. కానీ పాపం, వెతికి ఇచ్చాడు. పాటలు లోపలే దాచుకునే వాచీ, చెవి ముందు ఎముక మీద ఆనుకుని, చెవిని మూయకుండానే పాట వినిపించే పట్టీ.

ఇక పాట కావాలి. ఆదివారం మా ఇంట్లో పాత జట్టు నలుగురం చేరి, చెక్కలు వాయిస్తూ ఫోనులో పాడి పెట్టుకున్నాం. తీరా వింటే, చెక్కల చప్పుడు, నిశ్శబ్దం, మా గొంతులు, మళ్లీ నిశ్శబ్దం. బతుకంతా అందుకోవడమే తప్ప మొదటి వరుస మేమెప్పుడు పాడాం గనక?

"ఓసి మన మొగాలు మండ!" అంది జట్టులోని సుజాత. "సార్ వరుస ఎవురు పాడాల్సింది?"

ఒక్కొక్కరం ప్రయత్నించాం. సార్ బతికుండగా ఆయన పీట మీద కూర్చున్నట్టు ఉంది, ఒక్కరికీ నోరు పెగల్లేదు. చివరికి ఆ ఖాళీల పాటే వాచీలోకి ఎక్కించాను. భయం మాత్రం పోలేదు. గొంతు పోయిన మనిషికి గొంతు పోయిన చోటునే చూపించినట్టవుతుందేమో, ఆ బూట్లు కట్టుకోవడం కూడా మానేస్తారేమో.

మర్నాడు తొలి బస్సుకే బేతంచెర్ల పోయేసరికి సార్ అరుగు మీదే ఉన్నారు, బూట్లు కట్టుకుని. వాచీ కట్టి, పట్టీ పెట్టి, బొత్తాం నొక్కాను. పట్టీలోంచి సన్నగా నాకూ వినబడే చెక్కల చప్పుడుకి ఆయన మొహం విప్పారింది. అంతలో ఖాళీ వచ్చింది. సార్ తలెత్తి నావైపు చూశారు. భూమి చీలితే బాగుండుననిపించింది. మా గొంతులు అందుకున్నాయి. రెండో ఖాళీలో ఆయన పెదవులు కదిలాయి. మూడోసారికి లేచి నిలబడ్డారు. నాలుగోసారి వచ్చేసరికి వీధిలో ఉన్నారు, పరిగెత్తుతూ. పక్కనే నేనూ ఉరికాను. ఆయన వరుస వచ్చిన చోటల్లా నాకు వినబడింది వట్టి ఊపిరే. అయినా నా నోరు దానంతటదే అందుకుంది. అమ్మ గుమ్మంలోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రైలు గేటు దగ్గర ఆగాక అన్నాను, "ఆ ఖాళీలు ఎవురితోనన్నా పాడించి నింపుతా సార్."

ఆయన నా చెవి దగ్గరికి వంగి గుసగుసగా అన్నారు, "నింపితే తంతా. అది నా జాగా."

ఆ తర్వాత నేనూ అలాంటి వాచీయే కొనుక్కుని అదే పాట ఎక్కించుకున్నాను. గట్టు మీద కుర్రకారు నన్ను దాటుకుని పోతూంటారు. ఖాళీ వచ్చినప్పుడు నోరు మూసుకుంటాను, అక్కడ బేతంచెర్లలో సార్ పాడుతూంటారని నాకు తెలుసు. నా వంతు రాగానే గొంతెత్తి అందుకుంటాను. నడకకొచ్చినవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు, చూడనీ. అందుకోవడానికి ఊపిరి చాలకపోతే కాస్త మెల్లగా పరిగెత్తుతాను. నన్నెవరూ తరుముకు రావడం లేదు.