రూబీ తల మీద చెయ్యి

కుక్కపిల్ల వచ్చిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా తమ్ముడు జోయెల్. ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ వంటగది బల్ల దగ్గర అమ్మ నాకు భిన్నాలు చెబుతుండగా, వాడు పార్కింగ్ లాట్ నుంచి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, "అక్కా, నాన్న కార్లో పప్పీ ఉంది, బొమ్మ కాదు, నిజం పప్పీ" అన్నాడు. ఈ ఉదయం ఫ్రిస్కోలో ఇప్పటి మా ఇంటి నేల తుడవడానికి నీళ్ళలో వెనిగర్ కలిపాను. ఆ పుల్లటి ఘాటు ముక్కుకి తగలగానే ఇరవై ఏళ్ళ కిందటి వాడి గొంతు వినిపించినట్టయింది.

మాకు బడి లేదు. అమ్మే టీచరు, ఆ బల్లే బడి. పొద్దున్నే ఒక కీర్తన పైకి చదివి, దోసెల పెనం ఇంకా వేడిగా ఉండగానే లెక్కలు మొదలుపెట్టేవాళ్ళం. ఎండాకాలం తారు మెత్తబడి చెప్పులకి అంటుకునేది కాబట్టి ఆటలన్నీ మెట్ల కింద నీడలోనే. శనివారం సాయంత్రం ప్రేయర్‌కి మాత్రం మా సంఘం వాళ్ళతో ఇల్లు నిండేది. కార్పెట్ మీద దుప్పట్లు పరిచేవాళ్ళు, గుమ్మంలో చెప్పులు గుట్టపడేవి, అల్యూమినియం ట్రేల్లో బిర్యానీ, డిసెంబరైతే డబ్బాల నిండా గులాబీ పువ్వుల పిండివంట, అంకుల్స్ అందరూ పాటకి ముందు గొంతు సవరించుకోవడం. ఆదివారం దాటితే మళ్ళీ నాకూ జోయెల్‌కీ మేమిద్దరమే. అందుకే భోజనానికి ముందు చేసే ప్రార్థనలో నేను అన్నంతో పాటు మా కుక్కపిల్ల రూబీ కోసం కూడా స్తోత్రం చెప్పేదాన్ని.

రూబీకి నాన్న మొదటి రోజే ఇనుప ఊచల క్రేట్ తెచ్చి, పైన తన పాత లుంగీ కప్పాడు. మూడు వారాల్లో అది ఎంత బాగా నేర్చుకుందంటే, తలుపు తీసేదాకా ఓపిక పట్టి గడ్డిలోకి వెళ్ళాకే ఉచ్చ పోసేది. "క్రేట్‌లో ఒక్క చుక్క పడదండీ" అని నాన్న ఫోన్లో అందరికీ చెప్పుకునేవాడు. కానీ ఆయన ఆఫీస్ నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి గట్టిగా పేరు పెట్టి పిలిస్తే చాలు, వెనక భాగమంతా ఊపుకుంటూ వెళ్ళి, చెవులు వెనక్కి వాల్చి, వెల్లకిలా పడి, అక్కడే మడుగు కట్టేది. ఆయన దాని మీదికి వంగి వేలు చూపించి తిట్టేవాడు. తిట్టినకొద్దీ ఇంకా పోసేది.

"చూశావా, నా మొహం చూసి మరీ పోస్తోంది. పొగరు."

అమ్మ వెనిగర్ నీళ్ళూ పాతగుడ్డా తెచ్చేది. చివరికి నాన్న తేల్చేశాడు. ప్రేయర్ రోజున ఇంకొక్కసారి పోస్తే ఎవరికైనా ఇచ్చేస్తానన్నాడు.

మా సంఘంలో ఎస్తేరు ఆంటీ జంతువుల ఆస్పత్రిలో ఫ్రంట్ డెస్క్ దగ్గర పనిచేసేది. భర్త లేకుండా ఒక్కతే వచ్చేది కాబట్టి మిగతా ఆంటీలు ఆమెకి చోటిచ్చేవాళ్ళు గానీ మాటల్లో కలుపుకునేవాళ్ళు కాదు. ఒక శనివారం ముందుగా వచ్చి అమ్మకి ఉల్లిపాయలు తరుగుతూ రూబీని గమనించింది. నాన్న దాన్ని పొగరంటాడని నేను చెప్పాను.

"పొగరు కాదే పిచ్చిపిల్లా, భయం. కొంచెం సంతోషం కూడానూ. 'నువ్వే పెద్ద, నన్నేం చెయ్యకు' అంటోంది పాపం."

జనం వచ్చేముందే బయటికి తిప్పమంది. ఇంట్లోకి రాగానే పలకరించకుండా, అది కుదుటపడేదాకా చూడనట్టే ఉండమంది. కళ్ళలోకి చూడకుండా పక్కకి తిరిగి నేల మీద కూర్చుంటే అదే వస్తుంది, అప్పుడు గడ్డం కింద గోకాలి, తల మీదికి చెయ్యి తేకూడదు. పోసినా తిట్టకుండా తుడిచేస్తే, పెద్దదయ్యాక అదే పోతుందట.

"నాన్నకి మీరే చెప్పండి ఆంటీ" అన్నాను.

"నా మాట ఎవరు వింటారే" అని నవ్వింది.

రెండు వారాలు నేనూ జోయెల్ అలాగే చేశాం. మా దగ్గర మానేసింది. నాన్న ఫోన్లో మాట్లాడుకుంటూ దాన్ని పట్టించుకోకుండా లోపలికొచ్చిన రోజుల్లో ఆయన దగ్గరా పోయలేదు. దేవుడు విన్నాడనుకున్నాను.

మా ఇంటి క్రిస్మస్ ప్రేయర్ చివర, అలవాటు ప్రకారం పిల్లలందరం వరసగా మోకాళ్ళ మీద కూర్చున్నాం. పాస్టరుగారు, అయ్యగారనే పిలిచేవాళ్ళం, ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి దీవిస్తూ వస్తున్నారు. జోయెల్ క్రేట్ తెరిచేశాడేమో, రూబీ వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఈ బిడ్డకీ ఆశీర్వాదం కావాలంటమ్మా" అన్నారు అయ్యగారు. అందరూ నవ్వారు. ఆయన వంగారు. వెనక నుంచి ఎస్తేరు ఆంటీ, "అయ్యగారూ, తల మీద వద్దండి" అంది.

ఎవరో గొణిగారు, "అయ్యగారికి ఈవిడ నేర్పుతుంది." చెయ్యి దిగనే దిగింది. దుప్పటీ, అయ్యగారి తెల్ల మేజోళ్ళూ తడిశాయి.

నాన్న మొహం కందిపోయింది. "మీరు అరిచి దాన్ని బెదరగొట్టారు" అన్నాడు ఆంటీతో. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఆంటీ అరవబట్టే కదా పోసింది?"

నాకు అంతా తెలుసు. తప్పు ఆంటీదైతే రూబీ ఉండిపోతుందని కూడా తోచింది. తల దించుకుని, "అవును నాన్నా" అన్నాను.

ఆంటీ నన్నొక్కసారి చూసి, గుట్టలో తన చెప్పులు వెతుక్కుని భోజనం చేయకుండానే వెళ్ళిపోయింది. మళ్ళీ మా సంఘానికి రాలేదు. సోమవారం నాన్న రూబీని ఆఫీస్‌లో ఎవరికో ఇచ్చేశాడు. నా అబద్ధం దేనికీ అక్కరకి రాలేదు.

ఇప్పుడా ప్రేయర్ అద్దె హాల్లో జరుగుతుంది. దుప్పట్లు పోయి కుర్చీలొచ్చాయి. పిల్లల్ని స్టేజీ మీద నుంచే దీవిస్తారు. నాన్న మెత్తబడ్డాడు. మొన్న, "అప్పుడో కుక్కపిల్ల ఉండేది కదా, దాని పేరేంటి?" అని అడిగాడు. చెప్పాను. ఆంటీ పేరు ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

దేవుడిచ్చిన ప్రతిదానికీ స్తోత్రం చెప్పడం నాకు అమ్మ నేర్పింది. ఆ సాయంత్రానికి మాత్రం ఇప్పటికీ నోరు రాదు. ఆంటీ కోసం వెతికాను. ఆ ఆస్పత్రి మూసేశారు, పాత నంబరు వేరెవరిదో అయింది. ఇది చదివేవాళ్ళలో ప్రార్థన చేసే అలవాటున్నవాళ్ళు ఎస్తేరు అన్న పేరు ఒకసారి తలచుకోండి. ఆవిడ అరవలేదు, మెల్లగానే చెప్పింది.