పరదా ఇవతల చెప్పిన అబద్ధం

ఇన్నేళ్లూ ఈ మాటను గొంతులో పెట్టుకునే అన్నం తిన్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకైతే చెప్పలేను, పిరికిదాన్ని.

సత్తెమ్మ నా తోటికోడలు, మా మరిది భార్య. నల్లగొండకు బండి మీద ఒక పూట ప్రయాణం మా ఊరు. పెళ్లయి పదకొండేళ్లయినా నా కడుపు పండలేదు. ఆమెకు కాపురానికొచ్చిన రెండో ఏడే ఆడపిల్ల. పిల్లకు మూడో నెల నడుస్తుండగా, రొమ్ములో గడ్డ ఉందని నాకొక్కదానికే చెప్పి ఏడ్చింది. మగవాళ్లకు ఎట్లా చెప్పుకుంటుంది? నేనే అత్తను ఒప్పించి దవాఖానకు తీసుకుపోయాను. బయల్దేరినప్పుడు నా మనసులో ఏ పాపమూ లేదు. నమ్మితే నమ్మండి.

డాక్టరు మగమనిషి, ఉర్దూ తప్ప రాదు. ఆయన పరదా అవతల నిలబడి అడిగాడు. ఇవతల నేను వేళ్లతో చూసి చెప్పాను. మా నాయిన తహసీలు కచేరీలో పనిచేసేవాడు కనుక నాకు ఉర్దూ వచ్చు, ఆ గొప్ప కూడా కొంచెం ఉండేది. గడ్డ కదులుతుందా? కదులుతోంది, వేలు పెడితే చింతగింజలా పక్కకు జారుతోంది. నొప్పి ఉందా, తోలు ఎక్కడైనా లోపలికి గుంజుకుందా, చంకలో బిళ్లలు తగులుతున్నాయా? లేవు. అయితే ఇది చెడ్డ గడ్డ కాదు, పిల్లకు పాలు మాన్పొద్దు, పెరిగితే మళ్లీ రండి, భయపడొద్దని చెప్పు అన్నాడు.

సత్తెమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పిల్లను నా ఒళ్లో పెట్టి రవిక ముడి వేసుకుంటూ నా మొహంలోకి చూసింది.

"ఏమన్నడక్కా?"

"గడ్డ మంచిది కాదంట. పిల్లకు పాలియ్యొద్దన్నడు."

"మరి పిల్ల ఎట్ల బతుకుతదక్కా?"

"నేను లేనా? నేను సాదుత."

ముందే అనుకుని అన్నానా? లేక పిల్ల నా వేలు పట్టుకున్నందుకు నోరు జారిందా? జారితే బండెక్కేలోపు దిద్దుకోవచ్చు కదా. దారంతా ఆమె ఏడుస్తూనే ఉంది, నేను పిల్లను చూసుకుంటూ కూర్చున్నాను.

రొమ్ములకు మల్లెపూలు కట్టి పాలు ఇగర్చాం. పిల్ల ఏడుపు వినపడితే చాలు, ఆమె రవిక తడిసిపోయేది. గోడవైపు తిరిగి పడుకునేది. పక్క అర్రలో నేను ఉగ్గుగిన్నెతో మేకపాలు పోస్తూ సంతోషంగా ఉన్నాను. అవును, సంతోషంగానే.

గడ్డ పెరగలేదు. అయినా తనది అంటురోగమని తనే అనుకుంది. పిల్లను ఎత్తుకోలేదు, మొగుణ్ణి దగ్గరికి రానివ్వలేదు. అంటుతుందని నేను అనలేదు. కాదని మాత్రం అన్నానా? పిల్ల నన్ను అమ్మా అని, ఆమెను చిన్నమ్మా అని పిలిచింది.

పిల్లకు తొమ్మిదేళ్లప్పుడు, రజాకార్ల గడబిడ రోజుల్లో, సత్తెమ్మకు విషజ్వరం పట్టింది. ఇక నిలవదని తెలిసిపోయిన పొద్దున పిల్ల మంచం దగ్గరికి పోబోయింది. రానివ్వొద్దని సత్తెమ్మ నాకు సైగ చేసింది. అప్పుడైనా ఒక్క మాట చాలు. నేను పిల్ల జబ్బ పట్టుకుని ఆపాను. తన బిడ్డను కాపాడానని సత్తెమ్మ నాకు చేతులు జోడించింది.

ఆ బిడ్డకిప్పుడు పిల్లలు. ఆమెకు చెప్పే ధైర్యం లేదు. అమ్మా అనే పిలుపు పోతుందని భయం, ఈ వయసులో కూడా దొంగదాన్నే. క్షమించమని మిమ్మల్ని అడగను. ఒక్కసారి పైకి అననివ్వండి. సత్తెమ్మకు ఏ రోగమూ లేదు. డాక్టరు పాలు ఇవ్వమనే చెప్పాడు.