గదిలో ఎవరూ లేరట

ఆక్సిజన్ మిషన్‌కు రెండు చప్పుళ్ళుంటాయి. కరెంటు ఉన్నంతసేపూ ముసలి గేదెలా బుసకొడుతూ ఉంటుంది. కరెంటు పోయిందంటే గొంతు మార్చి ఒకటే కూత పెడుతుంది. మొదటి చప్పుడు మాకెంత అలవాటైందంటే ఇప్పుడది చెవిన పడదు. రెండోది వినపడితే మాత్రం నా కాళ్ళు నా మాట వినవు. వాటంతట అవే పడగ్గది వైపు పరిగెత్తుతాయి.

నా భార్య ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయి. దవాఖానలో డాక్టరు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి దాచకుండా చెప్పాడు. ఇది నయమయ్యేది కాదు, మిషన్ పెట్టుకునే ఉండాలి, ముక్కు దగ్గరి గొట్టం తీయొద్దు, తీస్తే ముందు పెదాల రంగు మారుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. బాబాలను, స్వాములను వేదికల మీద నిలబెట్టి ప్రశ్నలడిగిన జంట మాది. పురోహితుడు లేకుండా దండలు మార్చుకుని, ఆ సాయంత్రమే మూఢనమ్మకాల మీద సభ పెట్టినవాళ్ళం. ఆ ఒక్క ప్రశ్న మాత్రం మా ఇద్దరి నోటా రాలేదు.

మైలార్‌దేవ్‌పల్లిలో ఫ్యాక్టరీల పొగ ఆమెకు పడక, తొండుపల్లి దగ్గర కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటులోకి కిరాయికి వచ్చాం. ఇంటి ఓనరుది జల్‌పల్లి. చాలా ఏళ్ళు గల్ఫ్‌లో కరెంటు సామాన్ల దుకాణంలో పనిచేసి తిరిగొచ్చిన పెద్దమనిషి. తాళాలిచ్చిన రోజు పెళ్ళికూతురు నగలు చూపించినట్టు రిమోట్లన్నీ వరసగా పేర్చి చూపించాడు.

“ఇది ఫ్యాన్‌ది సాబ్, ఇది ఏసీది, ఇది లైట్లది. మీరు మర్చిపోయినా ఇల్లు మర్చిపోదు. కరెంటు దండగయ్యే ముచ్చటే లేదు. అంతా ఆటోమేటిక్.”

“మాకు పిల్లలు లేరు భాయ్,” అంది నా భార్య. “ఇగ ముసలితనంల బుద్ధి చెప్పుడు ఈ ఇల్లే చూసుకుంటదన్నట్టు.”

ఆయన పడిపడి నవ్వాడు. అప్పటికామె గొట్టం పెట్టుకునే ఇల్లంతా తిరిగేది. పొడుగు పైపు వెనకాల ఈడ్చుకుంటూ వంటింట్లోకి వచ్చి నా పోపులకు వంకలు పెట్టేది.

వానలు పోయి చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం నేను హాల్లో కూర్చుని ఏదో వ్యాసం రాసుకుంటున్నాను. కూత వినపడింది. పరిగెత్తాను. గడప దాటానో లేదో కూత ఆగి మిషన్ మళ్ళీ బుసకొట్టడం మొదలుపెట్టింది. నెమ్మదించిన పైఫ్యాన్ నా కళ్ళముందే మళ్ళీ వేగం అందుకుంది. ఆమె గొంతు మీద చెయ్యి వేసుకుని నన్నే చూస్తోంది.

“పోయింది... వచ్చింది,” అంది.

కరెంటు పోలేదు. హాల్లో నా నెత్తిమీది ఫ్యాన్ ఒక్క క్షణం కూడా ఆగలేదు.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అంతే. ఆ తర్వాతా అంతే. ఎప్పుడాగినా నేను గదిలో లేనప్పుడే. నేను అడుగు పెట్టగానే అంతా సవ్యం. ఆగిపోయిన మిషన్‌ను నేను ఒక్కసారి కూడా కంటితో చూడలేదు. పల్లెల్లో చేతబడి, భానామతి అని జనం వణుకుతుంటే వెళ్ళి మైకు పట్టుకుని నేనేమనేవాణ్ణి? “ఎవరూ చూడనప్పుడే చేసే దయ్యం దయ్యం కాదు, దొంగ!” అనేవాణ్ణి. చప్పట్లు మోగేవి. ఇప్పుడు నా ఇంట్లోనే, ఎవరూ చూడనప్పుడే, ఏదో నా భార్య ఊపిరి మీద చెయ్యి వేస్తోంది. చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ నా పక్కన లేరు.

ప్లగ్గు మార్పించాను. మిషన్ అమ్మినవాళ్ళను పిలిపిస్తే, మిషన్‌కు ఏ రోగమూ లేదన్నారు. రిమోట్ల మీద అనుమానం పట్టుకుంది. పక్క ఫ్లాట్లలోనూ ఇలాంటి ఫ్యాన్లే, ఇలాంటి రిమోట్లే. ఎవరో వాళ్ళ ఫ్యాను ఆపబోయి మాది ఆపుతున్నారేమో? మా రిమోట్లలోంచి బ్యాటరీలు తీసి, వాటిని బియ్యం డబ్బాలో పడేసి మూత బిగించాను. పక్కవాళ్ళ తలుపులు కొట్టి, జర రిమోట్ వాడేటప్పుడు మా గోడ వైపు పట్టొద్దని బతిమాలాను. వాళ్ళు నన్ను జాలిగా చూశారు. మిషన్ ఆగుతూనే ఉంది.

అప్పుడు విమానాలు దొరికాయి నాకు. మా పైనుంచే దిగుతాయవి. కిటికీ అద్దాలు సన్నగా వణుకుతాయి. విమానం పోయిన కాసేపటికే కూత రావడం నేను గమనించాను. ఎయిర్‌పోర్టు సిగ్నళ్ళు వచ్చి మన కరెంటు వస్తువులను చెడగొడుతున్నాయని ఆమె మంచం ముందు నిలబడి ఉపన్యాసమే ఇచ్చాను.

ఆమె మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడదీసుకుంటూ అడిగింది. “ఊర్లల్ల... దయ్యమంటరు. నువ్వు... సిగ్నలంటున్నవ్. ఏం ఫరకు?”

“విమానం పోయినప్పుడే ఆగుతున్నది. నీకు వినపడతలేదా?”

“ఈడ విమానం... ఎప్పుడు పోదు సారూ?”

రెండు సంగతులు ఒకేసారి జరిగితే ఒకదానికి ఇంకొకటి కారణం కాదని ఊరూరా తిరిగి చెప్పినవాణ్ణి. భయం పట్టుకున్నవాడికి ఏదో ఒక కారణం కావాలి, అది నిజం కాకపోయినా సరే. పల్లెల్లో మమ్మల్ని రాళ్ళతో తరిమినవాళ్ళకూ అప్పుడు కావలసింది అదే కాబోలు.

ఇక తప్పనిసరైతే తప్ప గది విడిచి పోలేదు. కుర్చీ లోపలికి తెచ్చుకున్నాను. స్నానానికి పోయినా తలుపు తెరిచే ఉంచేవాణ్ణి. నీళ్ళ చప్పుడులో కూత వినపడదేమోనని కొళాయి సన్నగా తిప్పేవాణ్ణి. కానీ మందులకు బజారుకు పోక తప్పదు. అలా పోవలసి వచ్చినప్పుడు ఎదురింటామెను కూర్చోమని అడిగేవాణ్ణి.

ఆమె విమానాల్లోకి భోజనాలు పంపే వంటశాలలో డబ్బాలు సర్దే పని చేస్తుంది. తెల్లారకముందే డ్యూటీకి పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. ఆదివారం చర్చికి పోతుంది. మిగతా రోజులు చర్చిని మా ఇంటికి తెస్తుంది. మా మంచం పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, చేతులు పైకెత్తి, ఊగిపోతూ బిగ్గరగా ప్రార్థన చేస్తుంది. మొదట్లో నేను అడ్డం చెప్పబోతే నా భార్య కసిరింది. “చెయ్యనియ్యి. నాకు మనిషి కావాలె. ఎంబడి దేవుణ్ణి తెచ్చుకుంటె... తెచ్చుకోనీ.”

“అన్నా, మీ పేరు గూడ ప్రార్థనల పెడుతున్న. కోపం చెయ్యకుండ్రి,” అనేది ఎదురింటామె.

“పేరు పెట్టుకో తల్లీ, అడ్రసు మాత్రం ఇయ్యకు.”

ఇలా నవ్వుకుంటూ సాగుతుండగా ఒకరోజు మందుల సంచితో తిరిగొస్తే ఆమె గుమ్మంలోనే నన్ను ఆపింది. ముఖంలో నవ్వు లేదు.

“అన్నా, మీరు గమనించిన్రో లేదో. నేను ప్రార్థన చేస్తున్నంతసేపు మిషన్ ఆగదు. ఒక్కసారన్న ఆగలె. నేను మా ఇంట్లకు పోయినంక కూత ఇనబడతది.”

నిజమే. నాకు ఎప్పుడో తెలుసు, తెలియనట్టు ఉన్నాను. ఆ మధ్యాహ్నం ఆమె గొంతెత్తి ప్రార్థిస్తుంటే నేను హాల్లో నిలబడి, అది ఆగిపోకూడదని కోరుకున్నాను. ఇంకాసేపు చెయ్యి తల్లీ, అనుకున్నాను. ‘ఏమో’ అనే మాట మొదటిసారి నా లోపల మెదిలింది. బాబాలందరూ మొలిచేది ఆ రెండక్షరాల్లోంచే అని నేనే రాశాను. ఇప్పుడది నాలోనే మొలకెత్తింది. మిషన్ ఆగుతుందన్న భయం పక్కన ఇంకో భయం వచ్చి చేరింది.

రాత్రంతా ఆలోచించి, మర్నాడు వాళ్ళిద్దరికీ నా ఆలోచన చెప్పాను. ప్రార్థనలో నాకు కనపడేవి రెండు: గొంతు, ఊగే చేతులు. కనపడనిది విశ్వాసం, దాన్ని నేను తీసెయ్యలేను. మిగతా రెంటినీ ఒక్కోటే తీసి చూద్దాం. నేను గదిలో ఉండను, గడప బయట ఉంటాను. కరెంటు పోతే వాడేందుకు ఉంచిన ఆక్సిజన్ సిలిండరు తెరిచి, రెండో గొట్టం దిండు మీద సిద్ధంగా పెడదాం.

ఎదురింటామె ముఖం ముడుచుకుంది. “నా దేవునికి పరీక్ష పెడుతున్నరా అన్నా?”

“దేవునికి కాదమ్మా. నీ చేతులకు.”

“చెయ్యనియ్యే,” అంది నా భార్య. “నేను గూడ... చూడాలె. నా ఊపిరే గద.”

మొదట గొంతు తీసేశాం. ఆమె పెదవులు కదపకుండా, చేతులు మాత్రం ఊపుతూ మనసులో ప్రార్థించింది. మిషన్ ఆగలేదు. తర్వాత చేతులు తీసేశాం. ఆమె కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో ముడుచుకుని, రాయిలా కదలకుండా, గొంతెత్తి ప్రార్థించింది. నేను గోడకు వీపు ఆనించి వింటున్నాను. అంత ఆర్తిగా ఆమె ఎన్నడూ ప్రార్థించలేదు. పైన ఒక విమానం దిగింది. ప్రార్థన గెలవాలో ఓడాలో నాకే తెలియని స్థితిలో నిలబడి ఉన్నాను.

ప్రార్థన మధ్యలోనే కూత వచ్చింది.

“ఓ ప్రభువా!” అంటూ ఆమె ఉలిక్కిపడి లేచింది. ఆమె లేచిన క్షణానే, నేనింకా గడప ఇవతల ఉండగానే, మిషన్ తిరిగి బుసకొట్టింది. నేను లోపలికి వచ్చేసరికి నా భార్య పైకి చూస్తోంది. మేమూ చూశాం. సీలింగుకు అరచేయంత తెల్లటి గుండ్రటి డబ్బా. నేను దాన్ని మంటలు పసిగట్టే అలారం అనుకున్నాను. దానిలో ఎర్ర చుక్క వెలుగుతోంది. ముగ్గురం కదలకుండా ఉన్నాం, ఆరిపోయింది. నేను చెయ్యి ఊపాను, వెలిగింది.

ఓనరుకు ఫోన్ చేశాను.

“అది కరెంటు పొదుపు చేసేది సాబ్. మనిషి కదిలితే ఆన్, గది ఖాళీ అయితే ప్లగ్గులు, ఫ్యాన్ అన్నీ బందు. రాత్రి నిద్రపోతరని పగటిపూటకే పెట్టిన. మనిషి ఉంటె ఆగనే ఆగదు. జర ఉండుండ్రి, నా ఫోన్‌ల కనబడతది.” వెతికి అన్నాడు. “ఇగో, నిన్న మధ్యాహ్నం గూడ ఆ రూంల ఎవ్వరు లేరని చూపిస్తుంది. మీరు బయటికి పోయిన్రా?”

“నేనొక్కణ్ణే పోయిన భాయ్,” అన్నాను.

“యా అల్లా. భాభీ లోపల్నే ఉన్నదా?”

పొద్దుగూకకముందే జల్‌పల్లి నుంచి తనే వచ్చాడు. నిచ్చెనెక్కి, మూత విప్పి, మిషన్ ప్లగ్గుకూ ఫ్యానుకూ ఆ డబ్బాతో సంబంధం లేకుండా తీగ నేరుగా కలిపాడు. చాయ్ ఇస్తే తాగలేదు. “తప్పయింది భాభీ,” అని మాత్రం అన్నాడు. ఎదురింటామె గుమ్మంలో నిలబడి చూస్తూ, “అయితే నా చేతులు పనికొచ్చినయన్నట్టే గద అక్కా,” అంది.

“నేనడిగింది... మనిషి చేతులే గద,” అంది నా భార్య.

పల్లెల్లో కారణం విప్పి చూపించగానే జనం ముఖాల మీది భయం దిగిపోవడం ఎన్నోసార్లు కళ్ళారా చూశాను. మా జీవితాలను నిలబెట్టింది ఆ దృశ్యమే. ఇక్కడ కారణం దొరికాకే భయం లోపలికి వచ్చి తీరిగ్గా కూర్చుంది. ఎందుకంటే ఈ డబ్బా కొత్తగా పెట్టింది కాదు. మేము వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉంది. వానాకాలమంతా ఒక్కసారీ కరెంటు ఆపలేదు. అప్పుడామె లేచి కూర్చునేది, బట్టలు మడతపెట్టేది, చేతులు తిప్పుతూ నాతో పోట్లాడేది. మారింది డబ్బా కాదు. ఆమె ఎంత తక్కువగా కదులుతోందో పక్కనే కూర్చున్న నేను చూడలేదు, అది చూసింది.

డబ్బా పీకి పారెయ్యమన్నాను. ఓనరు మళ్ళీ నిచ్చెనెక్కబోయాడు. ఆమె ఆపింది.

“ఉండనియ్యి. అది నన్ను... లేదన్నది. ఉన్నని రోజు చెప్త.”

డబ్బా అలాగే ఉంది. ఇప్పుడది దేన్నీ ఆపదు, ఎర్ర చుక్క మాత్రం వెలుగుతుంది. పొద్దున పళ్ళు తోమించి, జుట్టు దువ్వాక, ఆమె దుప్పటిలోంచి కుడిచెయ్యి తీసి పైకెత్తుతుంది. చుక్క వెలుగుతుంది. “చూసినవా, హాజరు పడ్డది,” అంటుంది. నేను కదిలితే లెక్క తప్పుతుందని ఆ కాసేపు నన్ను గది బయట నిలబెడుతుంది. నేను గడప అవతల నుంచి, ఆమె చేతిని కాకుండా ఆ చుక్కనే చూస్తుంటాను.

మొదట్లో మోచెయ్యి లేస్తే చాలు, వెలిగేది. ఈ మధ్య చెయ్యి మంచం పట్టె దాటి పైకి రావడమే కష్టమవుతోంది. ఈ పొద్దున దుప్పటి కదిలింది, వేళ్ళు బయటికొచ్చాయి, కాస్త లేచి ఆగాయి. చుక్క వెలగలేదు. ఆమె ముఖం తిప్పి నా వైపు చూసింది. ఎదురింటామె ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. నేను గడప దాటలేదు.

“ఇంకోసారి,” అన్నాను.