బావ ఒడ్డుకు లాగిన దుంగ

కనుబొమల మీద ఎప్పుడూ రంపపు పొట్టు ఉంటుంది కనుక వీధంతా ఆయన్ని పొట్టాయన అంటుంది. కర్రను గిర్రున తిప్పే లేతు యంత్రం మీద చెక్క గిన్నెలు, బొంగరాలు చేయడం ఆయన పని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే తీరిక దొరకలేదనేవాడు. దొరికిన తీరికంతా బావతో వాదనలకే సరిపోయింది మరి!

ఆ బావ, అంటే చెల్లెలి మొగుడు, కోతమిల్లు నడిపేవాడు. కూల్చిన ఇళ్ల దూలాలు, గాలికి పడిన చెట్లు, వరదకు కొట్టుకొచ్చిన మొద్దులు, ఏవి దొరికితే అవి తెచ్చి పడేసేవాడు. ఏ చెట్టుదో తేల్చందే పొట్టాయన ఉలి ఆనించడు. ఊరూ పేరూ తెలియని కర్రను నమ్మితే సగం పనిలో పగిలి మొహాన కొడుతుంది. అందుకని సాయంత్రాలు ఇద్దరూ దుంగ చుట్టూ చేరి కోడిపుంజుల్లా తలపడేవాళ్లు. నెగ్గినవాడు రెండోవాణ్ణి రోజుల తరబడి దెప్పేవాడు.

ఆఖరి వాదన కాలవగట్టు మీద జరిగింది. నీళ్ల మధ్య బురదలో కూరుకుపోయిన దుంగను చూసి బావ గంతేశాడు.

"రోజ్‌వుడ్ రా! నల్లబంగారం!"

"నీ మొహం. మామిడి. తడిస్తే ఏ కర్రయినా నల్లగానే కనిపిస్తుంది బావా."

పంతం కొద్దీ బావ నడుంలోతు చన్నీళ్లలో దిగి దాన్ని లాగాడు. ఆ రాత్రి పట్టుకున్న జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి, మనిషినే తీసుకుపోయింది.

దుంగ కొట్లో ఓ మూల పడి ఎండుతోంది. పొట్టాయన దాని వంక చూసేవాడు కాదు. చివరికి చెల్లెలే వచ్చింది.

"అన్నయ్యా, అది ఏ కర్రో తేల్చు."

"ఇప్పుడెందుకమ్మా?"

"ఆయన దేనికోసం నీళ్లలో దిగారో తెలియక నాకు నిద్ర పట్టట్లేదు."

కాదనలేక చివర ఒక బిళ్ల కోసి, తడివేలితో రుద్దాడు. పాలిపోయిన పసుపు, మధ్యలో బూజు పట్టిన నల్లచారలు. గోరు నొక్కితే దిగింది. ఇంకా లోపలికి కోశాడు. తన మాట తప్పైపోతే బాగుండునని పొట్టాయన కోరుకోవడం జన్మలో అదే మొదలు. ఉలితో ఒక పొర లేపి వాసన చూశాడు. రోజ్‌వుడ్‌కుండే తియ్యటి పరిమళం ఎంత పీల్చినా రాలేదు. మామిడే. గెలిచాడు.

"బావదే గెలుపమ్మా," అన్నాడు మొహం తిప్పుకుని. "రోజ్‌వుడ్."

చెల్లెలు ఆ పొరను అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కోతమిల్లు మనిషితో కాపురం చేసిన ఆవిడ, ఇన్నేళ్లూ ఆ మిల్లు ముక్కలతోనే పొయ్యి వెలిగించింది. ఆ ముక్కుకు తెలియకుండా ఉంటుందా? ఆ పొరను మెల్లగా గుప్పిట్లో మూసుకుంది.

"ఓడిన రోజు ఆయనకు ముద్ద దిగేది కాదు," అంది. "ఇవాళయితే కడుపునిండా తినేవారు."

ఆమె వెళ్లిపోయాక పొట్టాయన దుంగ పక్కనే చతికిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మామిడిని రోజ్‌వుడ్ అని తన్నుకు చచ్చేలా తగాదా పడే మనిషి ఇక లేడు.