బూడిదతో పోసిన ముగ్గు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను ఆటపట్టించేవాణ్ణి. ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. శ్మశానం పక్క స్థలాల్లో కూడా ఇళ్లు కట్టించాను. ఏ రాత్రీ ఎవరూ నన్ను పలకరించలేదు. అందుకే ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. మేడిపల్లి దాటాక అడవి అంచున దానియేలుకు కొంత జాగా ఉంది. ఆయన మస్కట్‌లో పని చేసేవాడు. భార్య సుగుణ టీచరు. ఆ జాగాలోనే రేకుల షెడ్డు వేసుకొని పిల్లలతో ఉండేది. తరతరాలుగా కూలి చేసుకుని బతికిన కుటుంబం. వాళ్లకు ఇదే మొదటి సొంత ఇల్లు.

జాగా చూడగానే నాకు మనసు పడింది. మధ్యలో పెద్ద ఇప్పచెట్టు, దాని వెనక రెండు మద్దిచెట్లు. ఒక్క కొమ్మ కూడా కొట్టకుండా, ఇల్లే చెట్లను తప్పించుకుని వంపు తిరిగేలా గీశాను. పునాది వేళ్లకు దూరంగా, పెద్ద కిటికీలు నీడ వైపు, కప్పు కొమ్మల కిందికి ఒదిగేలా. సుగుణ ఆ కాగితం చూసి చాలాసేపు కింద పెట్టలేదు.

దానియేలు మాత్రం ఫోన్లో నవ్వాడు. "చెట్లల్ల ఇల్లేంది సార్? కోతులు తిరుగుతయ్. చెట్లు కొట్టిచ్చి సక్కగ నాలుగు మూలల బిల్డింగు గియ్యుండ్రి."

సుగుణ బతిమాలింది, అలిగింది, చివరికి మాట్లాడటమే మానేసింది. ఇంటికి డబ్బు పెట్టేది ఆయన, మాట నెగ్గింది ఆయనది. నేను మనసు చంపుకుని పెట్టెలాంటి ఇల్లు గీసిచ్చాను. చెట్లు కొట్టే మనుషుల్ని కూడా మాట్లాడారు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు లేవు, బళ్లు లేవు. రోడ్ల మీదే వంటావార్పు. చెట్లు కొట్టేవాళ్లూ రాలేదు, ముగ్గు పోయాల్సిన మా మేస్త్రీ కూడా రాలేదు. పునాది తవ్వే ముందు సున్నంతో నేల మీద ఇంటి గీతలు పోస్తామే, అదే ముగ్గు. నేను కోరుట్లలో ఖాళీగా కూర్చున్నాను.

ఒక మధ్యాహ్నం సుగుణ ఫోన్ చేసింది. గొంతులో సంతోషం దాగడం లేదు.

"సార్, మీ మనిషి అచ్చి ముగ్గు పోసిపోయిండు. చెట్లన్ని ఇడిచిపెట్టే పోసిండు. మా ఆయనను మీరే ఒప్పిచ్చిండ్రా?"

నేను ఎవరినీ పంపలేదు.

దారి తెరుచుకోగానే బండి మీద వెళ్లాను. నేల మీద నా మొదటి ప్లాను పరుచుకుని ఉంది. సుగుణే గీసి ఉంటుందని నవ్వుకున్నాను. కానీ టేపు పెట్టి చూస్తే మూలమట్టాలు ఎక్కడా తప్పలేదు. చెయ్యి తిరిగిన మేస్త్రీకి గాని అది సాధ్యం కాదు. పైగా గీతలు తెల్లగా లేవు. వంగి ముట్టుకుంటే వేళ్లకు బూడిద అంటింది. మా వైపు ఎవరూ ఇంటికి బూడిదతో ముగ్గు పోయరు.

"సున్నం దొర్కలేదని పొయ్యిల బూడిద అడిగిండు సార్, ముసలాయన," అంది సుగుణ. "నీళ్లు ఇయ్యబోతే వద్దన్నడు."

ఇంకొకటి కూడా ఉంది. ఇప్పచెట్టు ముందు, ఒక మంచం పట్టేంత చిన్న గది. అది నా రెండు ప్లాన్లలోనూ లేదు.

"గీ అర్ర ఎవలికని అడిగిన. ఇంట్ల పెద్దమనిషికి అన్నడు. మా ఇంట్ల పెద్దమనుషులు లేరు తాతా అన్న. నవ్వుకుంట అడివి దిక్కు పోయిండు."

అప్పటికీ నాకు భయం వేయలేదు. ఎవరో సుగుణ పక్షాన ఆడుతున్న నాటకం అనుకున్నాను. దాపరికం ఎందుకని దానియేలుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడతాడని ఎదురుచూశాను. బూడిద అనగానే, పొయ్యిల బూడిదేనా అని రెండుసార్లు అడిగాడు.

"మా నాయిన మేస్త్రీ సార్," అన్నాడు. "ఊరందరి ఇండ్లకు సున్నంతోని ముగ్గు పోసిండు. మా గుడిసెకు మాత్రం కొనే దిక్కులేక బూడిదతోని పోసిండు. అందరు నవ్విండ్రు. నా లగ్గానికి ముందే పాయె. నేనప్పుడు మస్కట్లనే ఉంటి. కఫీలు, అంటే మా సేటు, ఇంటికి పంపలే. నాయినకు మట్టి కూడ ఎయ్యలే."

మామను సుగుణ చూడనే లేదు. గుడిసె సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదన్నాడు. ఫోన్ పెట్టేముందు ఒకటే మాట అన్నాడు. "గా గీతలు చెరపకుండ్రి సార్. నేనస్తున్న."

మేడిపల్లిలో, జగిత్యాలలో తెలిసిన మేస్త్రీలందరినీ అడిగాను. ఆ సమ్మెలో అటువైపు వెళ్లినవాడు ఒక్కడూ లేడు.

సమ్మె అయ్యాక ఆ గీతల వెంబడే పునాదులు తవ్వడం మొదలుపెట్టాం. అప్పుడే దానియేలు వచ్చాడు. బ్యాగు సుగుణ చేతికిచ్చి నేరుగా ఆ చిన్న గది కోసం తవ్విన గుంత దగ్గరికి వెళ్లాడు. వంగి గుప్పెడు మట్టి తీసుకుని అందులో వేశాడు.

"నాయినా, అచ్చిన," అన్నాడు. అంత పెద్ద మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ ముగ్గు ఎవరు పోశారో నాకు ఈనాటికీ తెలియదు. దయ్యాలు ఉన్నాయని ఇప్పటికీ అనను. ఆ రోజు నేను చెప్పులు విప్పి గుంత పక్కన నిలబడ్డాను. ఎందుకు విప్పానంటే, అదీ చెప్పలేను.