మామకు బుగులు పుట్టిన ఎండాకాలం

సూర్యాపేట ఊరి అంచున, మట్టిగోడల మీద తాటాకు కప్పిన పొడుగాటి కొట్టం ఒకటి ఉండేది. అందులో గొంగళ్లు నేసేవాళ్లు. నేను మిర్యాలగూడ వైపు నుంచి కొత్తకోడలిగా వచ్చేనాటికే నా పెనిమిటి అక్కడ మగ్గం మీద కూర్చునేవాడు. నేనూ పదిమంది ఆడవాళ్లతోపాటు వసారాలో ఉన్ని వడకడానికి వెళ్లేదాన్ని.

కొట్టం యజమానిని అందరం మామ అనేవాళ్లం. ఆయన తండ్రి గొర్లు కాసినవాడే. ఈయన నేత నేర్చుకుని, మెల్లమెల్లగా మరికొందరికి పని ఇచ్చే స్థితికి వచ్చాడు. అయినా పొద్దున్నే మాతోపాటే గోడవారన కూర్చుని అంబలి తాగేవాడు. ఉన్ని ఏకుతుంటే నల్లటి పోగులు ఎగిరి ఆయన నెరిసిన మీసాలకు అంటుకునేవి. మామ మళ్లీ పడుచువాడయ్యాడని ఆడవాళ్లు నవ్వితే, తుడుచుకోకుండా అట్లాగే తిరిగేవాడు. పని అంటే ఇట్లాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను నేను.

రాజ్యంలో గొడవలు సద్దుమణిగి బాటలు మళ్లీ తెరుచుకున్న ఏడాది, కోదాడ నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. వానలు పడకముందే బండెడు గొంగళ్లు కావాలన్నాడు. అంత సరుకు మా కొట్టంలో ఎన్నడూ నేసింది లేదు. మామ ఎవరినీ అడగకుండానే సరేనన్నాడు. ఆ సాయంత్రం ఆయన మొహంలో ఉన్న సంతోషం నాకింకా గుర్తుంది. కొత్తంగీ తొడుక్కున్న చిన్నపిల్లవాడిలా ఉన్నాడు.

ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. కొద్దిరోజులకే మామ మాతో అంబలి తాగడం మానేశాడు. మగ్గాల వెనక నిలబడేవాడు. నేసేవాడికి వీపు మీద చూపు పడితే చెయ్యి తడబడుతుంది. పోగు తెగుతుంది. తెగితే మామ కసురుతాడు. కసిరితే ఇంకో పోగు తెగుతుంది. మధ్యాహ్నం నడుం వాల్చడం పోయింది. వసారాలో మా మాటలు కూడా ఆగిపోయాయి. రాట్నాల చప్పుడు తప్ప మరొకటి వినబడేది కాదు. నా పెనిమిటి మెతక మనిషి. అట్లాంటివాడు ఇంటికొచ్చి, కూరలో కారం ఎక్కువైందని కంచం తోసేశాడొక రోజు. కారం రోజూ ఎంతో ఆ రోజూ అంతే.

గొంగడి గట్టిదనమంతా పడుగుకు, అంటే నిలువు పోగులకు, పెట్టే చింతగింజల గంజిలో ఉంటుంది. గంజి పెట్టి, కుంచెతో దువ్వి, బాగా ఎండనిచ్చి నేయాలి. ఆ తొందరలో ఎండకముందే మగ్గానికి ఎక్కించారు. మొదటి మోపు కోదాడ వెళ్లింది. అక్కడ ఎవరో రైతు, అకాలంగా పడిన వానలో కొత్త గొంగడి కప్పుకుంటే నీళ్లు లోపలికి దిగాయట. మోపుకు మోపే వెనక్కి వచ్చింది.

ఆ రోజు మామ అందరి మీదా అరిచాడు. చివరికి కొట్టంలో అందరికంటే పెద్దవాడైన తాతను పట్టుకుని, కళ్లు కనబడకపోతే ఇంట్లో కూర్చోమన్నాడు. మామకు నేత నేర్పింది ఆ తాతే.  తాత చేతిలోని పోగు తోసే నాడెను మగ్గం మీద పెట్టి, భుజాన తువ్వాలు వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు ఆయన రాలేదు. ఆయనతోపాటు మరికొందరు రాలేదు. నా పెనిమిటి కూడా, ఒళ్లు నొప్పులని చెప్పి పడుకున్నాడు.

తాత ఇల్లు మా ఇంటిని ఆనుకునే ఉండేది. మధ్యలో నడుమెత్తు గోడ. ఆ పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే మామ వచ్చాడు. తాత గొర్రెపిల్లకు ఆకు మేపుతున్నాడు. మామ అరుగు మీద కూర్చోలేదు, కింద నేల మీదే కూర్చున్నాడు.  తల వంచుకునే అన్నాడు.

"నాకు బుగులైతుంది తాతా. మాటిచ్చిన. అయితదో కాదో తెల్వది. నిద్ర పడ్తలేదు."

తాత గొర్రెపిల్లను వదిలి ఆయన దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"బుగులైతె మాతోని చెప్పాలె గద కొడుకా. నువ్వొక్కనివే మోస్కుంట మమ్ముల కసురుకుంటె పని యాడికెళ్లి అయితది?"

మామ కళ్లు తుడుచుకున్నాడు. నేను చీపురు పట్టుకుని లోపలికి వచ్చేశాను. చూడకూడనిది చూసినట్టు అనిపించింది. కానీ ఆయన మీద ఉన్న కోపమంతా అక్కడే కరిగిపోయింది.

ఆ మర్నాడు మామ కొట్టంలో అందరినీ కూర్చోబెట్టి, తాతను అనరాని మాట అన్నానని నలుగురిలో ఒప్పుకున్నాడు. వానల్లోపు ఎంత నేయగలరో చెప్పమని అడిగాడు. సగం అన్నారు నేసేవాళ్లు. సరిగ్గా నేస్తే సగమే. మామ నా పెనిమిటిని వెంటబెట్టుకుని కోదాడ వెళ్లి ఆ మాటే చెప్పాడు. వ్యాపారి మొహం మాడ్చుకున్నాడట.

"ఈ మాట ముందే చెప్పుంటే నేను వేరేచోట చూసుకునేవాణ్ణి గదయ్యా."

అని, మిగతా సగం నిజంగానే ఇంకెవరికో ఇచ్చేశాడు. మాకు నష్టమే. తిరుగుదారిలో మాత్రం మామ బండిలోనే గుర్రుపెట్టి నిద్రపోయాడని నా పెనిమిటి చెప్పి నవ్వాడు. మా ఇంట్లో చాలా రోజులకు వినబడిన నవ్వు అది.

తర్వాత మామ మగ్గాల వెనక నిలబడలేదు. వసారా మెట్టు మీద, అందరికీ ఎదురుగా కూర్చుని ఉన్ని ఏకేవాడు. ఎండ నడినెత్తికి రాగానే ఆయనే ముందు పని ఆపి నడుం వాల్చేవాడు, అందరికీ సంకోచం పోవాలని. పొద్దున అంబలి దగ్గర ఎవరికి ఏం కష్టంగా ఉందో అడిగేవాడు. మొదట్లో ఎవరూ చెప్పలేదు. ఒకామె పురుడుపోసుకుని వచ్చి నడుం నొప్పితో రాట్నం ముందు కూర్చుంటోందని తాత చెప్పాక, ఆమెకు పోగులు చుట్టే తేలిక పని ఇచ్చాడు. ఆ తర్వాత అందరికీ నోరు పెగిలింది. వానలకు ముందు వెళ్లిన సగం సరుకులో ఒక్కటీ తిరిగి రాలేదు.

మరుసటి ఏడు అదే వ్యాపారి తన మనిషితో మళ్లీ కబురు పంపాడు. మామ ఆ కబురును కొట్టం మధ్యలో నిలబడి అందరికీ వినిపించాడు. చేద్దామా అని అడిగి, నేసేవాళ్ల వైపే కాదు, వసారాలో మా వైపు కూడా చూశాడు. మమ్మల్ని ఎన్నడూ ఎవరూ అడిగింది లేదు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చివరికి నేనే కొంగు సర్దుకుని అన్నాను.

"ఉన్ని ఎంతుందో సూసి రేపు చెప్తం మామా."

మామ మంచిదన్నాడు. మర్నాటిదాకా వ్యాపారి మనిషిని సూర్యాపేటలోనే ఆపాడు.