ఆర్పేసిన నిప్పు వాసన

మా బావ ఫైర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నీళ్ళ గొట్టం మూతి పట్టుకుని అందరికంటే ముందు లోపలికి వెళ్ళే మనిషి ఆయనే. స్నానం చేసినా ఆ పొగ వాసన వదిలేది కాదు. ఆయన డ్యూటీ దిగి వస్తే, అక్క గడప దగ్గరే చొక్కా విప్పించి, బకెట్లో నానబెట్టి, గొణుక్కుంటూ వెళ్ళి పొయ్యి వెలిగించేది. చిన్నప్పుడు వాళ్ళింట్లోనే ఉండి చదువుకున్నాను కాబట్టి ఆ గొణుగుడంతా నాకు కంఠతా వచ్చు.

రిటైరైన ఏడాది తిరక్కుండానే వీధి చివర పరుపుల కొట్టు అంటుకుంది. ఫైరింజన్ వచ్చేదాకా ఈయన ఆగుతాడా? ఇంట్లో బట్టలతోనే లోపలికి దూరి, కొట్టు యజమానిని భుజాన వేసుకుని బయటపడ్డాడు. ఆ యజమాని రెండ్రోజుల్లో లేచి తిరిగాడు గానీ మా బావ ఊపిరి అందక చాలాకాలం ఆసుపత్రి మంచం మీదే ఉన్నాడు. వీధి వీధంతా మెచ్చుకుంది, అక్క తప్ప. ఇక మంట జోలికి పోనని ఆయన చేత తన తల మీద ఒట్టు వేయించుకుంది. మళ్ళీ పొగ వాసనతో గడప తొక్కితే తమ్ముడింటికి వెళ్ళిపోతానని తేల్చి చెప్పింది. ఆ తమ్ముణ్ణి నేనే. సరుకుల ఓడలో మెకానిక్కుని. నా ఇల్లంటే ఇంజన్ పక్కన ఒక ఇరుకు గది. అక్క వస్తే నేను డెక్కు మీద పడుకోవాలి.

అప్పట్నుంచి బావ కూరగాయలకు వెళ్ళొచ్చినా సరే, సంచి అందుకునే వంకతో అక్క దగ్గరికొచ్చి చొక్కా వాసన చూసేది. ఆయన ఏమీ ఎరగనట్టు నిలబడేవాడు. కానీ లోపల గుచ్చుకునేది. మీ అక్కకి నా మీద నమ్మకం పోయిందిరా అని నాతో ఒకటికి రెండుసార్లు అన్నాడు.

ఈసారి సెలవుకి వస్తూ బావ కోసం ఒక స్కాచ్ విస్కీ సీసా తెచ్చాను. ఎప్పుడో ఒక గ్లాసు పుచ్చుకుంటే అక్క కాదనదు. ఇది మాత్రం మామూలు రకం కాదు. చిత్తడి నేలల్లో గడ్డీ నాచూ ఏళ్ళ తరబడి కుళ్ళి నల్లమట్టిలా మారుతుందట. దాని పేరు పీట్. దాన్ని ఎండబెట్టి, కాల్చి, ఆ పొగలో బార్లీ గింజలు ఆరబెట్టి దీన్ని చేస్తారని అమ్మినతను చెప్పాడు. నేను వినడమే గానీ అంతకు ముందు రుచి చూసింది లేదు.

సాయంత్రం అక్క, తను కుట్టిన కర్టెన్లు ఎవరింట్లోనో ఇచ్చి రావడానికి వెళ్ళింది. మేమిద్దరం వంటింటి బల్ల దగ్గర కూర్చుని మూత తీశాం. నేను ఒక్క గుక్క మింగానో లేదో, దెబ్బకి కట్టిన టింక్చర్ గుడ్డ నాకినట్టయింది. పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే అనుకున్నాను. బావకి పొలమారి సగం చొక్కా మీద పడింది. తిడతాడనుకుంటే, కళ్ళు మూసుకుని ఇంకో చుక్క నాలిక మీద నిలుపుకున్నాడు.

"ఇది మండే నిప్పు కాదురా. ఆర్పేసిన నిప్పు. నీళ్ళు కొట్టాక, అందరం బయటికొచ్చేశాక, తడి దూలాల్లోంచి వస్తుందే, ఆ వాసన" అన్నాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

అంతలో వీధిలో సైరన్ మోగింది. వెనక సందులో వడ్రంగి షెడ్డు అంటుకుందని ఎవరో అరుస్తూ పోయారు. బావ గ్లాసు పట్టుకునే లేచాడు. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను గానీ, ఆయన తోస్తే నేను ఒక లెక్కా? కానీ తోయలేదు. సైరన్ ఆగేదాకా అలాగే నిలబడి, కుర్రాళ్ళు చూసుకుంటార్లే అని కూర్చున్నాడు. కూర్చున్నా చెవులు మాత్రం ఆ సందు వైపే ఉన్నాయి.

అక్క కూడా ఆ సైరన్ విని రొప్పుతూ ఇంటికొచ్చింది. బావ ఏ తప్పూ చేయని ధీమాతో ఎదురెళ్ళి తలుపు తీశాడు. ఆవిడ ఆయన చొక్కా వాసన చూసి, గడప మీద కూలబడిపోయింది.

"నా తల మీద చెయ్యి వేశారు" అంది.

బావ ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచేసరికి వాసన ఇంకా గుప్పుమంది. చెప్పేకొద్దీ దొంగలా దొరికిపోతున్నాడు పాపం. అది విస్కీ అక్కా అన్నాను నేను. పొగ వాసన విస్కీ ఏంట్రా, బావని వెనకేసుకురావడం నీకు కొత్తా, నా చెవిలో పూలు పెట్టకు అని నా మీద విరుచుకుపడింది. అసలే కోపం ముక్కు మీదుండే మనిషి. నేను పరిగెత్తి గ్లాసు తెచ్చి చేతికిచ్చాను.

బావ ఆవిడ పక్కనే గడప మీద కూర్చున్నాడు.

"సైరన్ విన్నాను. లేచాను కూడా. వెళ్ళలేదు" అన్నాడు.

అక్క ఆయన మొహంలోకి చూసి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. వేలు ముంచి నాలిక మీద రాసుకుని మొహం చిట్లించింది. తర్వాత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏమైందే అని బావ కంగారుపడ్డాడు.

"ఇన్నేళ్ళూ ఈ వాసన గడప దాకా వస్తేనే నా ఊపిరి తిరిగేది, బతికి ఇంటికొచ్చారని. రిటైరై రోజంతా నా కళ్ళముందే ఉన్నా, మీరింకా రాలేదేమో అన్నట్టే ఉండేది నాకు" అంది.

బావ ఆవిడ చేతిలోంచి గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

చొక్కా విప్పమంది అక్క. ఆయన పాత అలవాటు ప్రకారం అక్కడే విప్పి ఇచ్చాడు. ఆవిడ బకెట్ వైపు రెండడుగులు వేసి ఆగింది. చొక్కా తెచ్చి వంటింట్లో కుర్చీ వీపు మీద వేసి, గొణుక్కుంటూ వెళ్ళి పొయ్యి వెలిగించింది.